గోధుమ పడని రొట్టెలత్తయ్య

మా నాన్న చెల్లెల్ని వీధిలో సగం మంది రొట్టెలక్క అనేవాళ్లు, తక్కిన సగం మంది గాలిపటం అనేవాళ్లు. మొదటి పేరు ఆమె పనిని బట్టి, రెండోది ఒంటిని బట్టి. మనిషి పొడుగే కానీ ఎముకల మీద చర్మం కప్పినట్టుండేది. బేకరీ తలుపు దగ్గర కాస్త గాలి విసిరితే చాలు, "ఆ రెక్క మూయండి, నేనెగిరిపోతే బన్నులెవరు చేస్తారు?" అని తనే అనేది. ఎవరైనా తనను చూసి నవ్వబోతే వాళ్లకంటే ముందు తాను నవ్వేయడం ఆమెకు అలవాటు.

బేకరీ మా ఇంటి కింది భాగంలోనే ఉండేది. తాతయ్య కట్టించిన పెద్ద ఇటుకల పొయ్యి వెనకగదిలో, అమ్మకం ముందుగదిలో. పై అంతస్తులో అత్తయ్య, మామయ్య, వాళ్లతోపాటు నేను. నాకు దగ్గరలోని బడిలో ఉద్యోగం దొరకడంతో అక్కడే ఉండిపోయాను. మామయ్య గల్లా దగ్గర కూర్చునేవాడు. పిండి పిసికే పని ఉడుతది. ఉడుత అంటే నలభై దాటిన మనిషే. ఒక్కచోట కుదురుగా నిలబడడు కాబట్టి ఆ పేరు వచ్చింది.

పొయ్యిలోంచి దిగిన మొదటి రొట్టె అంచు విరిచి తినకుండా అత్తయ్య ఆ రోజు సరుకేదీ బయటికి పంపేది కాదు. "నా నోటికి నచ్చనిది ఊరి నోటికెలా పెడతాను?" అనేది. తిన్న కాసేపటికి ఆమె పొట్ట తప్పెటలా ఉబ్బేది. వారంలో సగం రోజులు విరేచనాలు. నోట్లో పుండ్లు. మెట్లెక్కి వచ్చేసరికి ఆయాసం. రక్తం తక్కువగా ఉందని ఒకరు టానిక్కు రాసిస్తే, నులిపురుగులని ఇంకొకరు మాత్రలిచ్చారు. "దిగులు పడుతున్నావు, దిగులు మానెయ్" అని ఒకాయన చెప్పాడు. అప్పటివరకూ లేని దిగులు ఆ మాటతో మొదలైందని అత్తయ్య అనేది. పెళ్లయిన కొత్తలో రెండుసార్లు కడుపు వచ్చి నిలవలేదు. ఆ సంగతి ఆమె ఎన్నడూ ఎత్తేది కాదు. మామయ్య కూడా అంతే.

ఆమెకు నలభై మూడో ఏట ఒకరోజు మధ్యాహ్నం బన్నుల పళ్లెం తీసుకుని ముందుగదిలోకి వస్తూ గడప దగ్గర తూలింది. పడింది కూడా కాదు, గోడకు చెయ్యి ఆనించుకుంది. అంతమాత్రానికే మణికట్టు విరిగింది.

ఎముకల డాక్టరు చేతికి కట్టు వేశాక ఎక్స్‌రే ఫోటోను వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు. "ఈ వయసులో ఎముక ఇంత పలచగా ఉండకూడదమ్మా. తిన్నది ఒంటికి పట్టడం లేదేమో. పై అంతస్తులో పొట్ట డాక్టరుగారుంటారు, ఒకసారి చూపించుకోండి" అన్నాడు.

పొట్ట డాక్టరు చిన్న వయసావిడ. ఉబ్బరం ఎప్పటినుంచి, ఏం తింటే, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని ఓపిగ్గా అడిగి, రక్తపరీక్ష చేయించింది. ఆ తర్వాత గొట్టం వేసి చిన్నపేగులోంచి చిటికెడు ముక్క తీయించింది. ఫలితాలు వచ్చిన రోజు నేనూ వెళ్లాను.

"మీ పేగు లోపల సన్నటి నూగు ఉంటుందమ్మా, మఖమల్ గుడ్డకున్నట్టు. తిన్నదాంట్లో సారం పీల్చుకునేది ఆ నూగే. మీకది రాలిపోయింది. గోధుమలో జిగురుంటుంది, గ్లూటెన్ అంటాం. అది మీ ఒంటికి పడదు. గోధుమ, బార్లీ రెండూ పూర్తిగా మానెయ్యాలి. జన్మంతా. దీనికి వేరే మందు లేదు, మానెయ్యడమే మందు. మానేస్తే నూగు మళ్లీ వస్తుంది."

డాక్టరమ్మ కాగితం మీద ఏదో రాస్తూ, "ఇంతకీ మీరేం పని చేస్తారు?" అంది.

"రొట్టెలు చేస్తాను డాక్టరమ్మా."

కలం ఆగిపోయింది. మామయ్యకు నవ్వొచ్చింది. నవ్వు సగంలో కళ్లల్లో నీళ్లు వచ్చాయి. "ఇన్నేళ్లూ దీనికి నా చేత్తో నేనే అందించానండీ, తిను తిను అని" అన్నాడు. డాక్టరమ్మ ఆయనకు మంచినీళ్లిచ్చి, "మీకెలా తెలుస్తుందండీ, మా వాళ్లకే ఇన్నాళ్లు తెలియలేదు" అంది. తన తోటివాళ్ల పొరపాటును ఆవిడ అలా ఒప్పుకోవడం అత్తయ్యకు బాగా నచ్చింది. ఆవిడ మాట ఆమె ఎప్పుడూ జవదాటకపోవడానికి అదొక కారణం.

తినడానికి లోటేమీ లేదు. అన్నం, మొక్కజొన్న, పప్పులు, గుడ్లు, చేపలు, దుంపలు అన్నీ తినొచ్చన్నారు. చిక్కల్లా పనితోనే. బేకరీలో గాలి నిండా పిండే. కనురెప్పల మీద పిండి, మంచినీళ్ల గ్లాసులో పిండి. ఊపిరితో నోట్లోకి, నోట్లోంచి పొట్టలోకి. గోధుమ తినకుండా బేకరీలో ఉండటమంటే తడవకుండా ఈత కొట్టడమే.

అత్తయ్య మేడ మీదే ఉండిపోయింది. కొన్ని వారాలకే పొట్ట నెమ్మదించింది, ముఖంలో కాస్త రంగు తిరిగింది. మనిషి మాత్రం కిటికీ దగ్గర కూర్చుని కింది నుంచి వచ్చే వాసన పీలుస్తూ ఉండేది. "ఉడుత పొయ్యి ముందే తెరిచాడు, అడుగు కాలలేదు" అని వాసన పట్టి చెప్పేది. మామయ్య కిందికి వెళ్లి చూసి, నిజమేనని పైకి కేకేసేవాడు.

"అన్నం తింటున్నావుగా, ఒళ్లు తేలిగ్గా ఉందిగా, ఇంకేం కావాలి నీకు?" అని ఒకరోజు అడిగాడాయన.

"తినడానికి ఏదో ఒకటి దొరుకుతుందండీ. చెయ్యడానికే ఏమీ లేదు" అంది అత్తయ్య.

మేడ మీద వంటింట్లోనే ప్రయత్నాలు మొదలుపెట్టింది. బియ్యప్పిండితో చేసిన రొట్టె పట్టుకుంటే ఇసకలా రాలిపోయింది. మొక్కజొన్నది ఇటుకలా వచ్చింది. మామయ్య దాన్ని తలుపుకు అడ్డం పెట్టి, "దేనికైనా పనికొస్తుందిలే" అన్నాడు. పిండిని పట్టి ఉంచే జిగురు కావాలి, గోధుమది కాని జిగురు. అప్పుడు ఎవరో కర్రపెండలం పేరు చెప్పారు. సగ్గుబియ్యం దాన్నుంచే వస్తాయి కదా, ఉడికితే ఎలా సాగుతాయో చూడు అన్నారు. అత్తయ్యకు ప్రాణం లేచొచ్చింది.

మార్కెట్లో దుంపలన్నీ ఒకే ముసలావిడ దగ్గర దొరికేవి. అందరూ ఆవిణ్ని దుంపల పిన్ని అనేవాళ్లు. ఆ వారం పిన్ని కూతురి ఇంటికి వెళ్లింది, కొట్టు మూసి ఉంది. అత్తయ్యకు ఆగే ఓపిక లేదు. కలప అడితి వెనక కంచె పొడుగునా కర్రపెండలం మొక్కలు పెరిగి ఉండటం ఎప్పుడో చూసింది. అడితి కాపలావాణ్ని అడిగితే, "అవి ఎవరూ తినరక్కా, కంచె కోసం నాటినవి" అన్నాడు. ఎందుకు తినరని ఈమె అడగలేదు, అతనూ చెప్పలేదు. రెండు దుంపలు తవ్వుకుని సంచిలో వేసుకొచ్చింది.

పై బెరడు మాత్రం గీకి, ముక్కలు కోసి, పెనం మీద నూనెలో అటూ ఇటూ తిప్పింది. రుచి చూస్తే చేదు. పంచదార చల్లింది. మామయ్య ఒక ముక్క నమిలి ముఖం చిట్లించాడు.

"చేదుగా ఉందేమిటోయ్?"

"మందు కూడా చేదే కదండీ, తినండి."

ఆయన మొహమాటానికి తిన్నాడు, ఆమె ఇష్టంగా తింది. సాయంత్రం నేను బడి నుంచి వచ్చేసరికి అత్తయ్య తల రెండు చేతులతో పట్టుకుని నేల మీద కూర్చుని ఉంది. గది తిరుగుతోందంటోంది. మామయ్య పెరట్లో గోడ పట్టుకుని వాంతి చేసుకుంటున్నాడు. నేను కిందికి పరిగెత్తి ఉడుతను కేకేశాను. అతను రొట్టెలు వేసే మూడు చక్రాల బండిలో పళ్లేలన్నీ వీధిలోకి దింపేసి ఇద్దర్నీ ఎక్కించాడు. ఒక్కచోట నిలవని మనిషి ఆ దారంతా ఒక్క చేత్తో బండి నడుపుతూ, రెండో చేత్తో అత్తయ్య భుజం పట్టుకుని, "అక్కా, పడుకోకు, నాతో మాట్లాడు" అంటూనే ఉన్నాడు.

ఆసుపత్రిలో ముక్కుకు గాలి గొట్టం, చేతికి సెలైను, ఇంకేదో మందు. డాక్టరమ్మ ఇంటికి వెళ్లబోతూ తెలిసి వెనక్కి వచ్చింది. ఏం తిన్నారని నన్నడిగింది. చెప్పాను. ఆవిడ పళ్లు బిగబట్టి, పడక పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది. వాళ్లిద్దరూ కుదుటపడేదాకా కదల్లేదు.

మర్నాడు కళ్లు తెరిచాక మామయ్య మొట్టమొదట అన్న మాట: "కందకు లేని దురద కత్తిపీటకెందుకన్నారు. గోధుమ పడనిది దీనికి, దుంప తిని పడకెక్కింది నేను." పక్క మంచం మీద అత్తయ్య నవ్వలేక నవ్వింది. తర్వాత గోడవైపు తిరిగి ఏడ్చింది. "మిమ్మల్ని చంపేసేదాన్ని" అంది.

"చంపలేదుగా. వంట బాగా లేదని ఇన్నేళ్లకు ఒక్కసారి చెప్పే అవకాశం దొరికింది, చెప్పనీ" అన్నాడాయన.

డాక్టరమ్మ వచ్చి ఇద్దర్నీ చూసింది. ఇక ఆ దుంప పేరెత్తొద్దంటుందనుకున్నాం. ఆవిడ అలా అనలేదు.

"దుంప చెడ్డది కాదమ్మా, పద్ధతి తప్పింది. కర్రపెండలంలో గోధుమ జిగురు ఉండదు, మీకు పడుతుంది. మంచి బలం ఇస్తుంది, పొట్టకు తేలిక. కోట్ల మంది రోజూ తింటున్నారు. కానీ పచ్చిదాంట్లో విషం పుట్టించే గుణం ఉంది. చేదు రకంలో మరీ ఎక్కువ. పచ్చిగా, సగం ఉడికించి ఎప్పుడూ తినకూడదు. చేదు తగిలిందంటే అది దుంప మీకు చెప్పే మాట. పంచదారతో దాని నోరు మూయకూడదు." ఇంకా ఏదో చెప్పబోయి ఆగింది. "సరిగ్గా ఎలా చెయ్యాలో నాకు పుస్తకంలో తెలుసు, చేత్తో తెలియదు. రోజూ చేసేవాళ్లను పట్టుకోండి. చేశాక నాకూ చెప్పండి."

దుంపల పిన్ని కూతురి ఇంటి నుంచి వచ్చీ రాగానే సంగతి విని సరాసరి మా మేడెక్కింది. ఆవిడ గొంతు వీధి చివరికి వినబడేది. ఆ రోజు మాత్రం మెల్లగా మాట్లాడింది.

"నాలుగు రోజులు ఆగలేకపోయావా అమ్మాయ్?"

"ఆగలేకపోయాను పిన్నీ."

"సర్లే. లే, చేతులు కడుక్కో."

అత్తయ్య మణికట్టు ఇంకా పూర్తిగా కూడలేదు. పిన్ని దుంప పట్టుకుంటే అత్తయ్య కత్తి పట్టుకుంది. మొదట పిన్ని దుంప కొస విరిచి చూపించింది. లోపల పాలలా తెల్లగా ఉండాలి, నల్ల గీతలు, నీలి గీతలు ఉంటే పారెయ్యమంది. తవ్విన దుంప ఎక్కువ రోజులు ఆగదట, వెంటనే వాడుకోవాలి. పై బెరడు కింద గులాబీ రంగు తోలు ఒకటుంటుంది. అత్తయ్య వదిలేసింది దాన్నే. ఆ తోలు కూడా దళసరిగా ఒలిచెయ్యాలి, చేదంతా ఎక్కువగా అక్కడే ఉంటుంది. మధ్యలో ఉండే నార లాగెయ్యాలి. ముక్కలు నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో మూత లేకుండా మెత్తగా ఉడకనిచ్చి, ఆ నీళ్లు కూడా పారబోయాలి.

"మూత ఎందుకొద్దు పిన్నీ?"

"చెడంతా ఆవిరిలో పోతుంది. మూత పెడితే పోయేదాన్ని పిలిచి కూర్చోబెట్టినట్టే."

పిండి చెయ్యాలంటే ఇంకా పని ఉంది. తురమాలి, నీళ్లలో ఊరనివ్వాలి, గుడ్డలో మూటగట్టి మీద బరువు పెట్టి నీరంతా పిండెయ్యాలి, పలచగా పరిచి కరకరలాడేలా ఎండబెట్టాలి, దంచి జల్లించాలి. మా మేడంతా తెల్లటి గుడ్డలు పరుచుకున్నాయి. కాకుల్ని తోలడం మామయ్య పని. పిన్ని మార్కెట్టు ముగించుకుని రోజూ వచ్చేది. ఏమైనా ఇవ్వబోతే, "ఉండవే, ఇన్నేళ్లు నీ బన్నులు తిన్న నోరిది" అనేది. కంచె దుంప తవ్వనిచ్చిన కాపలావాడు కూడా తప్పు తనదేనని మొహం వేలాడేసుకుని వచ్చాడు. అత్తయ్య అతన్ని కూర్చోబెట్టి టీ ఇచ్చింది.

ఆ పిండితో రొట్టె కుదరడానికి చాలాకాలం పట్టింది. ఉత్త పెండలం పిండి రబ్బరులా సాగింది. సగం బియ్యప్పిండి కలిపితే, గుడ్డు వేస్తే మెత్తబడింది కానీ పొంగి మళ్లీ కూలిపోయేది. డాక్టరమ్మ పొట్ట సాఫీగా ఉండటానికి ఇసబ్గోలు తాగమంది. ఒకరోజు గ్లాసులో కలిపి మర్చిపోయి, వచ్చి చూసేసరికి అది జెల్లీలా గడ్డకట్టి ఉంది. అత్తయ్య దాన్ని వేలితో సాగదీసి చూసి, తాగకుండా పిండి గిన్నెలో వేసేసింది. ఆ రోజు రొట్టె పొంగింది, పొంగింది పొంగినట్టే నిలబడింది. ఆమె అంచు విరిచి నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. మేము ఊపిరి బిగబట్టాం. "ఉప్పు తగ్గింది" అంది. మామయ్య కాళ్లు బారజాపి నేల మీద కూలబడి హమ్మయ్య అనుకున్నాడు. ఉప్పు గురించి మాట్లాడిందంటే రొట్టె రొట్టే అయిందన్నమాట.

దాన్ని కిందికి పట్టుకెళితే గోధుమ పిండి తగులుతుంది. పైన అమ్మకం సాగదు. చివరికి ఆ మాట అత్తయ్యే తీసింది. "పొయ్యి ఉడుతకిచ్చేద్దాం. పక్కవీధిలో అద్దెగది చూసుకుంటానంటున్నాడు, కొత్తది కట్టుకోనీ, సామానంతా తీసుకుపోనీ. ఇది కూల్చి గదులన్నీ కడుగుదాం." తాతయ్య కట్టించిన పొయ్యి. మామయ్య కిందికి వెళ్లి దాన్ని ఒకసారి తడిమి వచ్చాడు. ఉడుత మాత్రం ఒప్పుకోలేదు.

"నీ పొయ్యి కూల్చి నేను బాగుపడాలా అక్కా?"

"నువ్వు బాగుపడకపోతే నేను కూల్చి ఏం లాభం? ఆ ఇటుకలన్నీ నీవే. వాటికి కాలడం అలవాటే, నీకు కొత్తగా నేర్పే పని ఉండదు."

ఇటుకలు పక్కవీధికి వెళ్లాయి. వాటితో ఉడుత తన పొయ్యి కట్టుకున్నాడు, అందులో మొదట కాల్చిన బన్ను తాను తినకుండా మామయ్యకు తెచ్చి ఇచ్చాడు. మా గదులు గోడల నుంచి పైకప్పు దాకా కడిగాం, సున్నం వేయించాం. వెనకగదిలో చిన్న కొత్త పొయ్యి వచ్చింది. గోధుమ రొట్టె కావాలని వచ్చినవాళ్లకు అత్తయ్య పక్కవీధి చూపించేది. పెండలం రొట్టె అడిగినవాళ్లను ఉడుత ఇటు పంపేవాడు.

ఇక ఆమె తిండి సంగతి. ఇన్నేళ్ల ఆకలి ఒక్కసారి తీర్చుకోవాలనుకుందేమో, మూడు పూటలా ఆ రొట్టే తినేది. బరువు పెరిగింది. గాలిపటానికి బలమైన దారం దొరికిందని వీధిలో సంబరపడ్డారు. డాక్టరమ్మ మాత్రం రక్తపరీక్ష చూసి పెదవి విరిచింది. "బరువు వచ్చింది, రక్తం రాలేదు. ఈ దుంపలో ఉన్నదంతా పిండిపదార్థమే అమ్మా. మాంసకృత్తులు బాగా తక్కువ, ఇనుము తక్కువ. పక్కన పప్పో గుడ్డో చేపో ఆకుకూరో ఉండాలి. అయొడిన్ ఉన్న ఉప్పే వాడండి. ఇది తోడుంటేనే పనిచేసే తిండి." అప్పటినుంచి అత్తయ్య పళ్లెంలో రొట్టె ఒక పక్కకు తగ్గింది.

ఆ మాట ఆమె తనకే పరిమితం చేసుకోలేదు. మా వీధిలో పదవీవిరమణ చేసిన లెక్కల మేష్టారుండేవారు, ఆయనకు షుగరు. గోధుమ లేని రొట్టె అంటే ఆరోగ్యమని ఎవరో చెబితే రోజుకో పెద్ద రొట్టె కొనుక్కుపోయి తినేవారు. నెల తిరిగేసరికి షుగరు చుక్కలనంటింది. అది తెలిసిన మర్నాడు ఆయన వస్తే అత్తయ్య రొట్టె కోసి రెండు ముక్కలు మాత్రమే కాగితంలో చుట్టింది.

"ఇదేమిటమ్మాయ్, వ్యాపారం చేస్తున్నావా, వైద్యం చేస్తున్నావా?"

"రెండూ చేతకాదు మేష్టారూ. ఇది నా జబ్బుకు మంచిది, మీ జబ్బుకు కాదు. దీన్నిండా పిండే, తొందరగా చక్కెరైపోతుందట. ఈ రెండు ముక్కలూ కూరతో తినండి. మిగతాది మీ డాక్టర్ని అడిగి కొనుక్కోండి."

మేష్టారు అలిగి రెండు రోజులు రాలేదు. మూడో రోజు వచ్చి, "డాక్టరు కూడా రెండే అన్నాడు" అని చెయ్యి చాపారు.

ఆ తర్వాత చాలా ఏళ్లు గడిచాయి. డాక్టరమ్మ తన దగ్గరికి వచ్చే గోధుమ పడనివాళ్లందరినీ మా ఇంటికి పంపుతుంది. మొదట్లో వాళ్లు ఏడుపు ముఖాలతోనే వస్తారు. అత్తయ్య వాళ్లకు రొట్టె అమ్మేముందు వంటింట్లో పీట వేస్తుంది. దుంప విరిచి చూపిస్తుంది, గులాబీ తోలు ఒలిపిస్తుంది. తాను చేసిన తప్పు దాచకుండా, పంచదార చల్లిన సంగతితో సహా చెబుతుంది. మామయ్య మధ్యలో తన వాంతుల కథ అందుకుంటాడు. ప్రతిసారీ దానికి కాస్త మసాలా కలుపుతాడు. పోయినసారి చెప్పినప్పుడు ఆయన ఏకంగా స్వర్గం తలుపు తట్టి వచ్చాడు.

పిన్ని ఇప్పుడు కొట్టుకు పోవడం లేదు, మోకాళ్లు సహకరించవు. అత్తయ్యే వారం వారం ఆవిడ ఇంటికి రొట్టె పట్టుకెళుతుంది. ఒకసారి నేనూ వెళ్లాను. పిన్ని మంచం మీద కూర్చుని, టీలో ముంచుకుని నెమ్మదిగా నమిలింది.

"చిన్నప్పుడు మా ఇంట్లో పొద్దున ఇదే దుంప, రాత్రి ఇదే దుంప. మొహం మొత్తి, పెద్దయ్యాక ముట్టనని ఒట్టు పెట్టుకున్నాను" అంది.

"మరి తింటున్నావుగా పిన్నీ?"

"దీంట్లో దుంప రుచి ఎక్కడుందే? అందుకే తింటున్నాను."

అత్తయ్య నవ్వింది. పిన్ని పాదాల దగ్గర కూర్చుని ఆ వాచిన మోకాళ్లకు నూనె రాయడం మొదలుపెట్టింది. "నీకు నేనేమివ్వగలను పిన్నీ" అని మెల్లగా అంది. పిన్నికి వినబడిందో లేదో తెలియదు. ఇంకో ముక్క కోసం పళ్లెం ముందుకు జరిపింది.